ఏజెంటు చూపించిన లాయర్ సరిపోతారా? ప్లాటు కొనేముందు మంచి లాయర్ని ఎలా ఎంచుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. శంకర్‌పల్లి దగ్గర పాత వెంచర్లో 200 గజాల రీసేల్ ప్లాటు చూశారు. గజం 30 వేల చొప్పున 60 లక్షలకు మాట్లాడుకున్నారు. మీ ఉద్యోగం పుణెలో, నాన్నగారు వరంగల్లో. ఏజెంటేమో "మా లాయర్ అన్నీ చూసేశారు, టైటిల్ క్లియర్, బ్యాంకు లోను కూడా వస్తుంది" అంటూ ఈ ఆదివారమే రెండు లక్షల టోకెన్ ఇమ్మంటున్నాడు. వేరే లాయర్ అవసరమా, అవసరమైతే ఎవరిని పెట్టుకోవాలి, ఫీజు ఎంత అవుతుంది అని అడిగారు.

సూటిగా చెప్తాను. అవసరమే, అదీ టోకెన్ ఇవ్వకముందే. ఆ లాయర్ రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో భూమి కేసులు నడిపేవారై ఉండాలి. ఏజెంటుతో గానీ, అమ్మేవాళ్లతో గానీ సంబంధం ఉండకూడదు. "ఈ ప్లాటు వద్దండీ" అని చెప్పినా ఆయన ఫీజు ఆయనకు అందాలి. ఈ మూడో షరతు గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. నా దృష్టిలో అదే అన్నిటికంటే ముఖ్యం.

నేను లాయర్ని కాను. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో హోమ్ లోన్ల విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. ప్యానెల్ లాయర్లు (బ్యాంకు తన జాబితాలో పెట్టుకున్న లాయర్లు) పంపే టైటిల్ రిపోర్టులు, అంటే ఆస్తి హక్కు ఎవరిదో చెప్పే రిపోర్టులు చదవడం, వాటిలో లొసుగులు వెతకడం నా ఉద్యోగం. కాబట్టి మీ ప్లాటు మంచిదా కాదా అన్నది నేను చెప్పలేను. మంచి లాయర్ పనికీ, మొక్కుబడి పనికీ తేడా ఎలా తెలుస్తుందో మాత్రం చెప్పగలను.

ముందు ఏజెంటు లాయర్ సంగతి. ఆయన చెడ్డవారని నేననడం లేదు. మీరు జీవితంలో ఒకటో రెండో ప్లాట్లు కొంటారు. ఏజెంటు నెలనెలా ఫైళ్లు తెస్తాడు. ఇద్దరిలో ఎవరిని నొప్పించడం ఆ లాయర్‌కి కష్టమో మీరే ఆలోచించండి. పైగా "లాయర్ చూసేశారు" అన్నది చాలాసార్లు నోటిమాటే, కాగితం ఉండదు. కాగితం ఉన్నా అది వెంచర్ వేసిన రోజుల్లో డెవలపర్ తీయించుకున్న ఒపీనియన్ అయి ఉంటుంది. ఆ తర్వాత ప్లాటు ఎన్ని చేతులు మారింది, మధ్యలో ఎవరు చనిపోయారు, ఎవరు తాకట్టు పెట్టారు అన్నవి అందులో ఉండవు. ఈసారి ఏజెంటు ఆ మాట అన్నప్పుడు "ఆ ఒపీనియన్ కాపీ వాట్సాప్‌లో పెట్టండి" అని అడిగి చూడండి.

"బ్యాంకు లోను వస్తుందంటే టైటిల్ బాగున్నట్టే కదా" అన్న నమ్మకం మన జనంలో బలంగా పాతుకుపోయింది. బ్యాంకు లోపల కూర్చున్నవాడిగా చెప్తున్నాను, అది సగం నిజమే. ప్యానెల్ లాయర్ రిపోర్టు బ్యాంకు మేనేజర్ పేరు మీద వస్తుంది, మీ పేరు మీద కాదు. ఫీజు మీరు కట్టినా చాలా బ్రాంచీల్లో ఆ కాపీ మీకివ్వరు. బ్యాంకుకు మీ జీతం ఉంది, మీ సంతకం ఉంది, అవసరమైతే కో-అప్లికెంట్ సంతకం కూడా ఉంది. రేపు టైటిల్ పోతే ప్లాటు పోతుంది గానీ ఈఎంఐ పోదు. ఇక రిపోర్టుల నాణ్యత సంగతి. అదే ఫార్మాట్‌లో పేర్లు, ప్లాటు నంబర్లు మార్చి పంపినవి ఎన్నో చూశాను. ఒకదాంట్లో అంతకుముందు ఫైలు తాలూకు ఊరి పేరు అలాగే మిగిలిపోయింది. బ్యాంకులకూ ఈ సంగతి తెలుసు. మోసాల్లో పాత్ర ఉన్న లాయర్లు, వాల్యూయర్ల పేర్లతో ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ నుంచి హెచ్చరిక జాబితాలు వస్తుంటాయి.

మూడో భ్రమ రిజిస్ట్రేషన్. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూసేది స్టాంపు డ్యూటీ సరిపోయిందా, సంతకం పెడుతున్న మనిషి ఆ మనిషేనా, నిషేధిత జాబితాలో ఉందా అన్నవే. అమ్మేవాడికి నిజంగా హక్కుందా లేదా తేల్చడం ఆ ఆఫీసు పని కాదు. 2025లో తమిళనాడు కేసు ఒకదాంట్లో సుప్రీంకోర్టు ఈ మాటే మళ్లీ స్పష్టంగా చెప్పింది. అంటే మీ తరఫున టైటిల్ చూసేది మీరు పెట్టుకున్న లాయర్ ఒక్కరే.

లాయర్ ఆ జిల్లా వారే ఎందుకు కావాలి?

భూమి రికార్డు ఊరిని బట్టి మారిపోతుంది. శంకర్‌పల్లి వైపు భూమి చూడాలంటే 1954-55 ఖాస్రా పహాణీ (ఆనాటి రెవెన్యూ భూమి రికార్డు) దగ్గర మొదలుపెట్టాలి, వీలైతే సేత్వార్ (అంతకంటే పాత సర్వే రిజిస్టర్) దాకా పోవాలి. ఈ పాత కాగితాల్లో చాలావరకు ఉర్దూలో ఉంటాయి. చదవగలిగినవారు గానీ, చదివించుకోగలిగినవారు గానీ కావాలి. అది పట్టా భూమేనా, ఇనాం భూమా, ఇనాం అయితే ఆర్డీవో ఇచ్చిన ఓఆర్‌సీ (ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్) ఉందా, రక్షిత కౌలుదారుకు 38-ఇ సర్టిఫికెట్ (కౌలుదారుకే యాజమాన్యం ఇచ్చే పత్రం) ఇచ్చారా, ప్రభుత్వం పేదలకు అసైన్ చేసినదా, భూదాన్ భూమా, వక్ఫ్ భూమా అని చూడాలి. అసైన్డ్ అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకమే చెల్లదు. ఎన్ని చేతులు మారినా, ఎన్ని రిజిస్ట్రేషన్లు అయినా అంతే. ఇవన్నీ ఆ ప్రాంతంలో కేసులు నడిపే లాయర్‌కి నోటికి వస్తాయి. సర్వే నంబరు చెప్పగానే "ఆ పక్క నంబరులో ఒక దావా నడుస్తోందే" అనేవాళ్లు కూడా ఉంటారు. ఆ జ్ఞానం పుస్తకాల్లో దొరకదు.

అదే భూమి కోస్తాలో ఉంటే కాగితాల పేర్లే వేరు. ఆర్‌ఎస్‌ఆర్, డైగ్లాట్, ఎఫ్‌ఎంబీ, అడంగల్, డీకేటీ పట్టా అంటూ అక్కడి లోకం వేరు. గుంటూరులో పేరుమోసిన సివిల్ లాయర్ మీకు చుట్టమైనా సరే, శంకర్‌పల్లి ప్లాటుకు ఆయన్ని అడగకండి. హైకోర్టులో పెద్ద పేరున్నవాళ్లు కూడా ఈ పనికి అక్కర్లేదు. మీ ఫైలు వాళ్ల జూనియర్ చూస్తారు, మీరు కట్టేది సీనియర్ ఫీజు.

ఇంకో చిన్న విషయం. 1978కి ముందు రంగారెడ్డి జిల్లానే లేదు, అదంతా హైదరాబాద్ జిల్లా. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల పరిధులూ మారుతూ వచ్చాయి. పాత లింకు దస్తావేజు (ఆస్తి గతంలో చేతులు మారినప్పటి పత్రం) ఇప్పుడున్న ఆఫీసులో దొరక్కపోవచ్చు. "దొరకలేదు" అని రాసేసే లాయర్ ఒక రకం, "అప్పట్లో ఏ ఆఫీసు పరిధి?" అని వెతికే లాయర్ ఇంకో రకం.

పేర్లు ఎక్కడ సంపాదించాలి?

ఇన్‌స్టాలో "999కే టైటిల్ చెక్" అనే ప్రకటనలు వదిలేయండి. లాయర్లు ప్రకటనలు ఇచ్చి పని తెచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధనే ఉంది. కాబట్టి గట్టి సివిల్ లాయర్ పేరు మీకు ప్రకటనలో కనపడదు. మనుషుల్ని అడగాల్సిందే.

నాకు తెలిసిన దారులు రెండు. ఒకటి, ఆ ప్రాంతంలోని ఏదైనా బ్యాంకు బ్రాంచీకి వెళ్లి లోన్ ఆఫీసర్‌తో మాట్లాడండి. "మంచి లాయర్ ఎవరు" అని అడిగితే అందరి పేర్లూ చెప్తారు. "మీ ప్యానెల్లో ఎక్కువ క్వెరీలు పెట్టి మిమ్మల్ని విసిగించే లాయర్ ఎవరు సార్?" అని అడగండి. నవ్వుతూ ఒక పేరు చెప్తారు. ఆ పేరు రాసుకోండి. నా సర్వీసులో అలాంటి ఒక ఆవిడ ఉండేవారు. ఆవిడ రిపోర్టు వచ్చిందంటే మార్చి టార్గెట్ల సీజన్లో మా మేనేజర్‌కి బీపీ వచ్చేది. మా స్టాఫ్ సొంత ఇళ్లు కొనుక్కునేటప్పుడు మాత్రం అందరూ ఆవిడ దగ్గరికే పరిగెత్తేవారు! మీరు లోను తీసుకునే బ్యాంకు ప్యానెల్లోనే ఆ లాయర్ ఉన్నా పరవాలేదు గానీ, మీ కోసం విడిగా, మీ పేరు మీద రిపోర్టు అడగండి.

రెండోది, ఆ చుట్టుపక్కల భూమి కేసు ఓడిపోయిన వాళ్లెవరైనా మీ నాన్నగారికి తెలిస్తే, ఎదుటి పక్షం లాయర్ ఎవరో కనుక్కోండి.

పేరు దొరికాక ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో లాయర్ పేరుతో వెతకొచ్చు. ఎల్బీ నగర్లోని జిల్లా కోర్టుల్లో ఆయన ఏ కేసులు నడుపుతున్నారో కనపడుతుంది. ఓ.ఎస్. అని ఉన్నవి సివిల్ దావాలు. వాటిలో పార్టిషన్ (పంపకం), డిక్లరేషన్ (హక్కు ప్రకటన), ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) కేసులు ఉంటే ఆ లాయర్‌కి టైటిల్ గొడవలు ఎలా పుడతాయో తెలుసని అర్థం. చెక్ బౌన్సులు, మోటారు ప్రమాదాల కేసులు మాత్రమే ఉంటే ఆయన మంచి లాయరే కావచ్చు, మీ పనికి కాదు. ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగడానికి మొహమాటపడకండి. 2014కి ముందు నమోదైన వాళ్ల నంబరు ముందు ఏపీ అని ఉంటుంది, దానికి అనుమానపడొద్దు.

మొదటి కలయికలో ఏం గమనించాలి?

ఆయన మిమ్మల్ని ఏం అడుగుతున్నారో వినండి. మొదటి ప్రశ్న "రేటెంత, ఎప్పుడు రిజిస్ట్రేషన్?" అయితే టీ తాగి వచ్చేయండి. "ఏ ఊరు, ఏ సర్వే నంబరు, అమ్మేవాళ్లకి ఎలా వచ్చింది, లేఅవుట్ ఎవరు అప్రూవ్ చేశారు?" అని అడిగితే కూర్చోండి. తర్వాత మీరు అడగాల్సినవి:

- అమ్మేవాళ్లు ఇచ్చిన జిరాక్సుల మీదే చూస్తారా, లేక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీలు మీరే తెప్పిస్తారా?
- ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద నమోదైన లావాదేవీల జాబితా) మీరే తీస్తారా? ప్లాటు నంబరుతోనే తీస్తారా, మొత్తం సర్వే నంబరు మీద కూడా తీస్తారా?
- కోర్టు కేసులు వెతుకుతారా? ఎవరెవరి పేర్ల మీద?
- పేపర్లో పబ్లిక్ నోటీసు ఇస్తారా?

ఈసీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏజెంట్లు చూపించేది అదే. "30 ఏళ్ల ఈసీ నిల్ సార్" అంటారు. తెలంగాణలో కంప్యూటర్ ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది ఆఫీసులో పుస్తకాలు తిరగేయించాలి. ఈసీలో కనపడేది ఒకటో పుస్తకంలో నమోదైన దస్తావేజులు. వీలునామాలు మూడో పుస్తకంలో, మామూలు జీపీఏలు (తన తరఫున వ్యవహరించమని ఇంకొకరికి అధికారమిచ్చే పత్రాలు) నాలుగో పుస్తకంలో ఉంటాయి కాబట్టి అవి ఈసీలోకి రావు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, కోర్టు దావాలు, ఇంట్లో నోటిమాటతో చేసుకున్న పంపకాలు కూడా సాధారణంగా కనపడవు. పాత వెంచర్లలో ఒకే స్థలం ఒకసారి ప్లాటు నంబరుతో, ఇంకోసారి ఎకరాలు గుంటల్లో సర్వే నంబరుతో రిజిస్టర్ అయిన సందర్భాలు ఉంటాయి. ప్లాటు నంబరుతో తీసిన ఈసీలో రెండోది దొరకదు. అందుకే పై ప్రశ్నల్లో రెండోది అడగమన్నాను.

ఒక ఫైలు గుర్తుంది. పంచాయతీ లేఅవుట్లో ప్లాటు. ఈసీ శుభ్రంగా ఉంది, లింకు దస్తావేజులు వరసగా ఉన్నాయి. రిపోర్టు రాసిన లాయర్ మాత్రం ఆ సర్వే నంబరు మొత్తం విస్తీర్ణం చూసుకుని, అందులో అప్పటిదాకా అమ్మిన ప్లాట్లన్నీ కూడారు. భూమి 4 ఎకరాలు. ఎకరం 4,840 గజాలు కాబట్టి మొత్తం 19,360 గజాలు. రోడ్లూ, పార్కు స్థలమూ పోతే అందులో పన్నెండు వేల గజాలకు మించి ప్లాట్లు తేలడం కష్టం. ఈసీల ప్రకారం అమ్మింది మాత్రం పదిహేడు వేల పైచిలుకు. అంటే రోడ్లు, పార్కు కూడా ప్లాట్లుగా అమ్మేశారన్నమాట, లేదా ఒకే స్థలాన్ని ఇద్దరికి. మా కస్టమర్ తన ప్లాటు నేల మీద ఎక్కడుందో చూపించమంటే డెవలపర్ మనుషులు ఒక్కో రోజు ఒక్కో చోటు చూపించారు. లోను ఆగిపోయింది. కస్టమర్‌కి మా మీద పీకలదాకా కోపం వచ్చింది. అంతకుముందు అదే లేఅవుట్లో ప్లాట్లకు వేరే బ్యాంకులు లోన్లు ఇచ్చి ఉన్నాయి కూడా.

ఇంకొకటి వారసుల సంగతి. ప్లాటు అసలు యజమాని పోయారు, ఇద్దరు కొడుకులు కలిసి అమ్ముతున్నారు. తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లో భార్య, ఇద్దరు కొడుకులే ఉన్నారు. భార్య కూడా సంతకం పెడుతోంది, కాగితాల మీద అంతా సరే. నేను పైన చెప్పిన విసిగించే లాయరమ్మ రిపోర్టులో ఒక వాక్యం రాశారు: "మృతునికి కుమార్తెలు లేరని ధ్రువీకరణ కావాలి." కనుక్కుంటే ఒక కూతురు ఉంది, పెళ్లై మహారాష్ట్రలో స్థిరపడింది. తండ్రి స్వార్జితమైతే 1956 చట్టం నుంచే కూతురు కొడుకులతో సమాన వారసురాలు. ఉమ్మడి ఆస్తి అయితే మన ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నాటికి పెళ్లి కాని ఆడపిల్లలకు ముందే హక్కు వచ్చింది, తర్వాత 2005 సవరణ దేశమంతటా ఇచ్చింది. తండ్రి 2005కి ముందే పోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే జరిగిపోయిన అమ్మకాలను 2005 సవరణ కదపదు. ఈ తేదీలన్నీ మీకు గుర్తుండక్కర్లేదు. మీ లాయర్‌కి ఉండాలి. ఇల్లూ వాకిలీ కొన్నాక పదేళ్లకు వచ్చే పార్టిషన్ దావాల్లో చాలావాటికి మూలం ఈ ఆడపిల్ల సంతకమే. మైనర్ల వాటా ఉంటే ఇంకో మెలిక. తల్లిదండ్రులైనా సరే కోర్టు అనుమతి లేకుండా మైనరు ఆస్తి అమ్మకూడదు.

జీపీఏల సంగతి కూడా ఇలాంటిదే. 1990ల వెంచర్లలో రైతు దగ్గర అగ్రిమెంటు, జీపీఏ రాయించుకుని డెవలపరే ప్లాట్లు రిజిస్టర్ చేసేవాడు. జీపీఏ ఇచ్చిన మనిషి చనిపోతే మామూలుగా ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది. జీపీఏదారుకు ఆ ఆస్తిలో సొంత హక్కు ఉంటే లెక్క మారొచ్చు. కాబట్టి లాయర్ చూడాల్సింది ప్లాటు అమ్మిన తేదీ నాటికి రైతు బతికున్నాడా అని. అగ్రిమెంటు, జీపీఏ మాత్రమే ఉండి సేల్ డీడ్ లేకపోతే యాజమాన్యం బదిలీ కాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. మీది పాత వెంచర్ అన్నారు కాబట్టి ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

రిపోర్టు చేతికొచ్చాక

నోటిమాట ఒపీనియన్ ఒప్పుకోకండి. లెటర్‌హెడ్ మీద, మీ పేరుకు రాసి, సంతకం, ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో ఇవ్వాలి. ఏ కాగితం అసలుది చూశారో, ఏది సర్టిఫైడ్ కాపీయో, ఏది జిరాక్సో విడివిడిగా రాయాలి. ఎవరి నుంచి ఎవరికి ఎలా వచ్చిందో తేదీలతో వరసగా ఉండాలి. చివరికి సేల్ డీడ్ మీద ఎవరెవరు సంతకం పెట్టాలో పేర్లు ఉండాలి. ఒక్క పేజీలో "టైటిల్ క్లియర్ అండ్ మార్కెటబుల్" అని తేల్చేసిన రిపోర్టు నాకు ఎప్పుడూ భయమే.

ముఖ్యంగా చివరి పేజీ చదవండి. "ఫలానా పత్రాలు సమర్పించిన మీదట" అనో, "సబ్జెక్ట్ టు" అనో ఒక జాబితా ఉంటుంది. జనం పైన ఉన్న "టైటిల్ క్లియర్" చూసి సంబరపడి ఆ జాబితా వదిలేస్తారు. లాయర్ మాత్రం తన బాధ్యత అక్కడితో దింపేసుకున్నట్టే. ఆ జాబితాలో ప్రతి అంశమూ తీరిందని మళ్లీ రాసి ఇచ్చేదాకా పెద్ద మొత్తం కట్టకండి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఒపీనియన్ తప్పైతే లాయర్ని పట్టుకోవడం చాలా కష్టం. ఒక బ్యాంకు ప్యానెల్ లాయర్ కేసులో, కుట్రలో భాగస్వామి అని ఆధారం లేకుండా ఒట్టి నిర్లక్ష్యానికి క్రిమినల్ కేసు నడవదని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 మేలో ఇంకో తీర్పు వచ్చింది. లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని తేల్చారు. అంటే కన్స్యూమర్ ఫోరం దారి కూడా మూసుకుపోయింది. సివిల్ దావా, బార్ కౌన్సిల్ ఫిర్యాదు మిగిలాయి గానీ, వాటితో మీ 60 లక్షలు తిరిగొస్తాయని పెట్టుకోవద్దు.

ఫీజు

హైదరాబాద్ చుట్టుపక్కల ఒక ప్లాటుకు రాతపూర్వక ఒపీనియన్‌కి ఐదారు వేల నుంచి పాతిక వేల దాకా అడుగుతారు. పాత రికార్డులు తవ్వాలంటే ఇంకా ఎక్కువ కావచ్చు. సర్టిఫైడ్ కాపీలు, పేపర్ నోటీసు ఖర్చు వేరు. అది ఎక్కువనిపిస్తే మీ మిగతా లెక్క చూడండి. రిజిస్ట్రేషన్‌కి అన్నీ కలిపి 7.5 శాతం చొప్పున నాలుగున్నర లక్షలు. ఏజెంటు కమీషన్ ఒక్క శాతమే అనుకున్నా 60 వేలు. కమీషన్ ఇచ్చేటప్పుడు బేరమాడని మనిషి లాయర్ ఫీజు దగ్గర వెయ్యి రూపాయలకు గీచి గీచి బేరమాడడం నేను చాలాసార్లు చూశాను.

ఫీజు ఎలా కడుతున్నారన్నది మొత్తం కంటే ముఖ్యం. "ఇప్పుడేం వద్దండీ, రిజిస్ట్రేషన్ అయ్యాక చూసుకుందాం" అంటే ఒప్పుకోకండి. రిజిస్ట్రేషన్ అయితేనే డబ్బొచ్చే మనిషి రిజిస్ట్రేషన్ కావాలనే కోరుకుంటాడు. ఆస్తి విలువలో ఇంత శాతం అన్నా అదే ఇబ్బంది. ఒపీనియన్‌కి ఒక మొత్తం మాట్లాడుకుని, ఫలితం ఏదైనా రిపోర్టు చేతికి రాగానే కట్టేయండి. అగ్రిమెంటు, సేల్ డీడ్ రాయించడానికి వేరే ఫీజు మాట్లాడుకోండి. సేల్ డీడ్ దస్తావేజు లేఖరి రాసినా తప్పులేదు గానీ, హద్దులు, విస్తీర్ణం, సర్వే నంబరు ఉండే షెడ్యూల్ పేజీ మాత్రం మీ లాయర్ చదివాకే ప్రింటు తీయించండి.

లాయర్ చేయలేనివి

లాయర్ చూసేది కాగితం. నేల చూసేది సర్వేయర్. ప్లాటు నిజంగా ఆ సర్వే నంబరులోనే ఉందా, హద్దురాళ్లు సరిగ్గా ఉన్నాయా అన్నది లైసెన్సు ఉన్న సర్వేయర్‌తో కొలిపించుకోవాలి. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), బఫర్ పరిధి కూడా విడిగా చూసుకోవాలి. శంకర్‌పల్లి మండలంలో కొన్ని ఊళ్లు జంట జలాశయాల రక్షణ కోసం నిర్మాణాలను పరిమితం చేసిన 1996 నాటి 111 జీవో కింద ఉన్న 84 గ్రామాల్లోవి. దాన్ని ఎత్తేస్తున్నామని 2022, 2023లో ప్రభుత్వ నిర్ణయాలు వచ్చాయి. ఏజెంట్లు ఆ పేపర్ కటింగులు చూపిస్తారు. మీరు చూడాల్సింది ఈరోజు ఆ సర్వే నంబరులో ఇల్లు కట్టడానికి పర్మిషన్ ఇస్తున్నారా లేదా అన్నదే. లేఅవుట్ అనుమతి లేనిదైతే 2020లో ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తు పెట్టారా, ప్రొసీడింగ్స్ వచ్చాయా అడగండి. ఎల్‌ఆర్‌ఎస్ వచ్చినంత మాత్రాన టైటిల్ సరైనదని కాదు. అది లేఅవుట్‌ని క్రమబద్ధం చేయడమే.

ఇది చదివే వాళ్లలో ఫ్లాట్ కొనేవాళ్లుంటే ఒక్కమాట. జీహెచ్‌ఎంసీ అనుమతి ఇచ్చేటప్పుడు కట్టడంలో పది శాతం భాగాన్ని తనకు తాకట్టు పెట్టించుకుంటుంది, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాకే వదులుతుంది. మీ ఫ్లాట్ ఆ పది శాతంలో ఉందేమో మీ లాయర్ చూడాలి. రెరా నంబరు ఉందంటే సరిపోదు.

మీ ఆదివారం సంగతి

రెండు లక్షలు ఇవ్వకండి. ప్లాటు చేజారిపోతుందన్న టెన్షన్ ఉంటే చిన్న మొత్తం, అదీ బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారా, అమ్మే మనిషి సొంత ఖాతాకే పంపండి. "కొనేవారి లాయర్ టైటిల్ బాగోలేదంటే ఇన్ని రోజుల్లో మొత్తం తిరిగిస్తాను" అని రాసి సంతకం పెట్టించుకోండి. అంతమాత్రానికే ఒప్పుకోనివాళ్లు తర్వాత కాగితాలు చూపించడానికి ఇంకెంత ఇబ్బంది పెడతారో ఊహించుకోవచ్చు.

లాయర్ దగ్గరికి నాన్నగారు ఒక్కరే వెళ్లినా సరే, రిపోర్టు మీద పేరు మాత్రం కొనేవాళ్లది ఉండాలి. మీ పేరు మీద కొంటూ రిజిస్ట్రేషన్‌కి మీరు రాలేకపోతే నాన్నగారికి రిజిస్టర్డ్ స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొచ్చు. అందులో ఏ ప్లాటో, ఏ పనికో స్పష్టంగా రాయించండి, అన్నిటికీ పనికొచ్చే జనరల్ పవర్ వద్దు. విదేశాల్లో ఉన్నవాళ్లయితే ఆ పవర్ అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అమ్మే మనిషి ఎన్‌ఆర్‌ఐనా కాదా అన్నది కూడా ఇప్పుడే కనుక్కోండి. 50 లక్షలు దాటింది కాబట్టి మీరు ఒక శాతం, అంటే 60 వేలు టీడీఎస్ మినహాయించి కట్టాలి. అమ్మేది ఎన్‌ఆర్‌ఐ అయితే ఆ ఒక శాతం లెక్క చెల్లదు, మినహాయించాల్సింది చాలా ఎక్కువ. అప్పుడు లాయర్‌తో పాటు చార్టర్డ్ అకౌంటెంట్‌ని కూడా అగ్రిమెంటు రాయకముందే కలవండి.